పాత వీణ జుయ్‌మంటుంటే: తీగ మార్చాలా, మేళం కట్టించాలా, అలాగే ఉంచాలా?

పాత వీణ జుయ్‌మంటే చాలామంది చేసే మొదటి పని ఆకురాయి వెతకడం, రెండో పని ఫెవిక్విక్ కొనడం. ఆ రెండిటినీ అలమారలో పెట్టి తాళం వేశాక మిగతాది చదవండి.

వీణ గురించి ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. మరమ్మతు చేసుకునే వీలు దాని తయారీలోనే ఉంది. 24 మెట్లూ (తీగను నొక్కే లోహపు కమ్ములు) దండికి, అంటే పొడవాటి మెడకు, మేకులతో బిగించినవి కావు, మైనంలో కూర్చినవి. తేనెపట్టు మైనంలో బొగ్గుపొడి కలిపి, దండికి రెండు వైపులా గట్టులా పోసి, చెవితో స్వరం వింటూ ఒక్కో మెట్టునూ దాంట్లో నిలబెడతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. పూర్వకాలపు వీణల్లో రాగాన్ని బట్టి మెట్లు జరుపుకునేవారు. 17వ శతాబ్దంలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో ఈ 24 మెట్ల అమరిక స్థిరపడిందని సంగీత చరిత్రకారులు చెబుతారు. మెట్టు కుంగితే మైనం కరిగించి లేపవచ్చు, ఒరిగితే నిలబెట్టవచ్చు. నచ్చకపోతే మళ్లీ మార్చుకోవచ్చు. ఆకురాయితో అరగదీసిన లోహం మాత్రం తిరిగి రాదు. అందుకే కింద చెప్పే ప్రతి ఎంపికనూ ఒకే ప్రశ్నతో తూచాను: రేపు వద్దనుకుంటే ఇవాళ్టి స్థితికి వెనక్కి రాగలమా?

రొద వేరు, నాదం వేరు

వీణలో వినిపించే ప్రతి జుయ్ తప్పు కాదు. తీగలు ఆనే గుర్రం మీద ఉండే కంచు లేదా ఇత్తడి రేకు బల్లపరుపుగా ఉండదు, చాలా కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. కంపించే తీగ ఆ వంపును తాకీ తాకనట్టు ఉండడం వల్లే వీణకు ఆ నిండైన, సాగే నాదం వస్తుంది. తంబురాలో గుర్రం మీద తీగ కింద దారప్పోగు పెట్టి తెప్పించే జీవం కూడా ఈ కోవదే. గిటారుకు అలవాటుపడ్డ చెవికి ఇది దోషంలా వినిపిస్తుంది. అలాంటి చెవి మాట విని రేకును చదును చేయిస్తే వీణ నోరు మూసుకుంటుంది.

తేడా పట్టుకోవడం కష్టం కాదు. అన్ని స్వరాల్లోనూ ఒకేలా ఉండి, స్వరంతో పాటు మెల్లగా తగ్గిపోతే అది నాదం. ఒక్క స్వరంలోనో ఒక్క తీగలోనో వచ్చి, రేకు డబ్బా మోతలా చిటచిటలాడి, మధ్యలో ఠక్కున ఆగిపోతే అది రొద. సందేహం తీరకపోతే కళ్లు మూసుకుని వేరే ఎవరితోనైనా వాయించి వినండి. మీటే వాడికి రొద ఎప్పుడూ ఎక్కువే వినిపిస్తుంది, ఎదురుగా కూర్చున్నవాడికి సగం కూడా చేరదు.

చప్పుడు ఎక్కడిదో తేలకుండా ఏదీ ఎంచుకోవద్దు

మొదట అనుమానించాల్సింది వీణను కాదు. గాజులు, మంగళసూత్రం గొలుసు, చొక్కా గుండీ కుండకు (వీణలో నాదం నిండే డొల్ల భాగానికి) తగిలి మోగుతుంటాయి. స్టీలు బీరువా తలుపు, అద్దాల షోకేసు, గోడకు వేలాడే క్యాలెండరు ఒక్కో స్వరానికి వంత పాడతాయి. వీణను పక్క గదికి తీసుకెళ్లి అదే స్వరం మీటండి. చప్పుడు వెంట రాకపోతే మీ ఖర్చు సున్నా.

వెంట వస్తే అది ఏ తీరులో వస్తోందో గమనించాలి. ఈ పనికి అరగంట పెడితే వేల రూపాయలు మిగలవచ్చు.

ఒకే స్వరం, ఏ తీగ మీద ఏ మెట్టు దగ్గర పలికించినా జుయ్‌మంటే మెట్లకు దాంతో సంబంధం లేదు. ఆ స్వరానికి ఏదో వదులు భాగం కంపిస్తోంది. లేచిన నగిషీ ముక్క, దండి కింద బిగించే బుర్ర దగ్గరి మర, చిన్న బీట, తీగ బిగించే బిరడ దగ్గర కత్తిరించకుండా వదిలేసిన తీగ కొస, తీగల కొసలు కట్టే నాగపాశం దగ్గర శ్రుతి సవరించే పూస, ఎప్పుడో ఎవరో అతికించిన కాంటాక్ట్ మైకు వైరు, ఇలా ఏదైనా కావచ్చు. ఒకరు మీటుతుంటే ఇంకొకరు వేలితో ఒక్కో భాగాన్నీ మెల్లగా నొక్కుతూ పోవాలి. ఎక్కడ నొక్కితే ఆగిందో దొంగ అక్కడే ఉన్నాడు.

ఒకే తీగ, ఏ మెట్టు మీదైనా రొద చేస్తే తీగను అనుమానించాలి, లేదా గుర్రం మీద ఆ తీగ కూర్చునే చోటును. మెట్టు నొక్కకుండా ఖాళీ తీగ మీటినా, అన్ని తీగలూ అలాగే పలికితే రేకు వైపు చూడాలి.

ఒక్క మెట్టు దగ్గర మాత్రమే వస్తే నూటికి తొంభై మంది ఆ మెట్టునే నిందిస్తారు. అసలు తగిలేది చాలాసార్లు దాని తర్వాతిది, గుర్రం వైపున్నది. మీరు నొక్కిన మెట్టు కుంగినా, పక్క మెట్టు లేచినా, కంపించే తీగ పక్కదానికి కొట్టుకుంటుంది. ఏది కుంగింది, ఏది లేచింది అన్నది ఒక చిన్న స్టీలు స్కేలును మూడు మెట్ల మీద నిలువుగా ఆనించి చూస్తే తెలుస్తుంది. మధ్య మెట్టు లేచి ఉంటే స్కేలు ఊగుతుంది, కుంగి ఉంటే కింద వెలుతురు కనబడుతుంది.

తీగను లాగి గమకం వేసినప్పుడే గరగర వస్తే మెట్టు ఒక పక్కకు ఒరిగి ఉండాలి, లేదా ఏళ్ల తరబడి తీగ రాసి దాని మీద గాడి పడి ఉండాలి. గోటితో మెట్టు మీద గీస్తే గాడి తగులుతుంది.

తీగ మార్చడమా, శ్రుతి మార్చడమా

తీగలు వందల్లో దొరుకుతాయి. వేరే ఏ పని చేయించినా ఖర్చు వేలల్లోకి వెళుతుంది. అందుకని ఇంత వెతికినా కారణం సరిగ్గా తేలకపోతే ముందు తీగ మార్చి చూడడమే నయం. తుప్పు పట్టిన సారణి (మొదటి తీగ), చుట్టు వదిలిన మంద్రం (లోతైన స్వరపు తీగ) ఎలాగూ మార్చాల్సినవే. రెండు జాగ్రత్తలు చాలు. మొదటిది, అన్నీ ఒకేసారి విప్పవద్దు. గుర్రాన్ని కదలకుండా పట్టి ఉంచడంలో తీగల ఒత్తిడికి పెద్ద పాత్ర ఉంది. అది ఒక్క వెంట్రుకవాసి జరిగినా మొత్తం స్వరస్థానాలు తప్పుతాయి. ఒకటి తీసి, కొత్తది వేసి, శ్రుతి చేశాక రెండోది ముట్టుకోండి. రెండోది, పాత తీగ ముక్కను షాపుకు పట్టుకెళ్లి అదే గేజి తీసుకోండి. రొద పోతుందని లావు తీగ వేయమని చెప్పేవారున్నారు. నిజమే, బిగువు పెరిగితే తీగ మెట్లను తక్కువ కొడుతుంది. కానీ ఆ బిగువంతా మోసేది అరవై ఏళ్ల పనస దండి. ఈ సలహా కొత్త వీణకైతే వినండి, పాతదానికి వద్దు.

శ్రుతి సంగతి ఎందుకో ఎవరికీ గుర్తు రాదు. నాలుగు శ్రుతికి కూర్చిన వీణను మగ గొంతుకనో, వేరే వాద్యం పక్కన వాయించాలనో రెండు శ్రుతికి దించితే తీగలు వదులై మెట్ల మీద కొట్టుకోకుండా ఎలా ఉంటాయి? ఇంట్లో పెద్దవాళ్లను, దాని మీద నేర్చుకున్నవారిని అడిగి అది ఏ శ్రుతిలో ఉండేదో కనుక్కోండి. వెనక్కి ఆ శ్రుతికి తెస్తే సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి. అంతకు మించి పైకి మాత్రం ఎక్కించవద్దు. తక్కువ శ్రుతే కావాలనుకుంటే దానికి తగ్గ తీగలు, తగ్గ మెట్ల ఎత్తు ఉండేలా మేళం కట్టించుకోవాలి.

మైనం: రెండు మూడు మెట్లా, మొత్తం మేళమా

పాత వీణల రొదలో పెద్ద వాటా మైనానిదే. తేనెమైనం పూర్తిగా కరగడానికి 62 నుంచి 65 డిగ్రీల వేడి కావాలి. మెత్తబడడానికి అంత అక్కర్లేదు, మన మే నెల చాలు. ఎండలో నిలిపిన కారులో వీణను గంటసేపు ఉంచితే కరిగినంత పనీ అవుతుంది. మెత్తబడిన మైనంలో తీగల ఒత్తిడికి, వేళ్ల ఒత్తిడికి మెట్లు కుంగుతాయి, అదీ ఎక్కువగా వాయించే మెట్లు ముందుగా. కాగితం మందం కుంగినా చాలు, పక్క మెట్టు మీద తీగ పలకరిస్తుంది. అమెరికా, బ్రిటన్ ఇళ్లలో కథ తిరగబడుతుంది. శీతాకాలంలో హీటర్ గాలికి చెక్క ఎండుతుంది, మైనం పెళుసెక్కి పగులుతుంది, మెట్టు వదులై దానంతటదే కంపిస్తుంది.

మెట్టు చుట్టూ మైనం నల్లగా, నిగనిగలాడుతూ, పగుళ్లు లేకుండా ఉండి, స్వరస్థానాలు సరిగ్గానే ఉండి, రెండు మూడు మెట్లే తేడాగా ఉంటే ఆ మెట్లు మాత్రమే సరిచేయించండి. మేళం మొత్తం విప్పించవద్దు. పాత మేళం కట్టినవారి చెవి మంచిదైతే అది ఆ వీణకున్న ఆస్తి. కొత్తవారు దాన్ని విప్పి తమ చెవితో కడితే రొద పోవచ్చు, అంతరగాంధారం లాంటి స్వరం కూడా మారిపోవచ్చు.

మైనం బూడిదరంగుకు తిరిగి, గోరు పెడితే పొడి రాలుతుంటే, ఐదారు మెట్ల మీద శ్రుతి తప్పుతుంటే బేరాలాడకుండా మొత్తం మేళం కట్టించండి. అప్పుడు ఒక్కో మెట్టూ బాగు చేయించుకుంటూ పోతే ప్రతి నెలా కొత్త చోట రొద పుడుతుంది. కట్టించేటప్పుడు వీణ ఏ ఊళ్లో ఉండబోతోందో తప్పకుండా చెప్పాలి. వేడి ఊరికి గట్టి మైనం కావాలి, అందుకు కొందరు గుగ్గిలం కలుపుతారు. అదే మిశ్రమం చలిదేశంలో పెళుసుగా మారుతుంది. కొవ్వొత్తి మైనం మాత్రం ఎవరు చెప్పినా వద్దు, అది మెట్టును పట్టి ఉంచదు.

ఇంట్లో హెయిర్ డ్రయ్యర్‌తో ఒక మెట్టు లేపుదామని చూస్తే వేడి గాలికి దాని ఇరుగుపొరుగు నాలుగూ మెత్తబడతాయి. పనివాళ్లు వేడి చేసిన ఇనుమును ఒక్క మెట్టుకే తగిలించి పని చేస్తారు. దానికి చెయ్యీ కావాలి, చెవీ కావాలి. రెండూ ఉంటే మీకు ఈ వ్యాసంతో పని లేదు.

గాడి పడ్డ మెట్లకు రెండు దారులున్నాయి. ఒకటి, పైభాగం అరగదీసి మెరుగు పెట్టించడం. రెండు, మెట్టునే మార్చడం. మైనంలోంచి ఎలాగూ ఊడివస్తుంది కాబట్టి గాడి లోతుగా ఉంటే మార్చడమే నా ఓటు. పాత మెట్టును కవరులో వేసి వీణ పెట్టెలో దాచండి. గాడి పైపైనే ఉంటే పనివాడి చేతి మెరుగు సరిపోతుంది.

ఈ మధ్య మైనం బదులు మరలతో బిగించే మెట్లు, బిరడల బదులు గిటారు తరహా శ్రుతి కీలు వస్తున్నాయి. విమానాల్లో తిరిగే కచేరీ వీణకు, కొత్తగా కొనేదానికి అవి మంచి సదుపాయమే. పాత వీణకు వాటిని పెట్టాలంటే దండికి వరసగా చిల్లులు వేయాలి. మైనం బాధ ఒక్కసారిగా పోతుందన్న ఆశతో ఆ పని చేయించకండి. మెట్లను ఎం-సీల్‌తోనో ఆరాల్డైట్‌తోనో అతికించడం ఇంకా ఘోరం. తర్వాత మేళం కట్టేవాడు వాటిని ఉలితో కొట్టి తీయాలి, మెట్టుతో పాటు చెక్క కూడా వస్తుంది.

గుర్రం మీది రేకు

ఇక్కడ నేను కాస్త చాదస్తుణ్ణి. వీణ గొంతు సగం ఈ రేకులో ఉంటుంది, చెడగొట్టడానికి రెండు నిమిషాలు చాలు.

రేకు మీద తీగ కూర్చునే చోట గాడి పడితే తీగ వంపును తాకాల్సిన తీరు మారి గరగర వస్తుంది. అనుమానం తీర్చుకోవడానికి సన్నని కాగితం ముక్కను ఆ తీగకూ రేకుకూ మధ్య దూర్చి మీటండి. నాదం ఎలాగూ మూగబోతుంది, దాంతోపాటు ఆ చిటచిట కూడా పోతే దోషం రేకుదే. పరీక్ష కాగానే కాగితం తీసేయండి. కొందరు దాన్నే మందు అనుకుని అలాగే ఉంచేస్తారు.

తీగను గాడిలోంచి ఒక నూలుపోగు పక్కకు జరిపి చూడడం తేలికైన ఉపాయం. వెనక్కి తిప్పుకోవచ్చు, ఖర్చు లేదు. తీగల మధ్య దూరం పాడవనంత వరకూ ఏళ్ల తరబడి ఇలా నెట్టుకురావచ్చు. అది కుదరకపోతే రేకును సానపెట్టించాలా, కొత్త రేకు వేయించాలా? సానపట్టడం చవక, కానీ ప్రతిసారీ వంపు కొంత మారుతుంది, లోహం కొంత పోతుంది. కొత్త రేకుకు ఖర్చు ఎక్కువ, కుదురుకోవడానికి టైమ్ పడుతుంది. అయినా పాతది మీ చేతిలో ఉంటుంది. నచ్చకపోతే దాన్నే తిరిగి పెట్టించుకోవచ్చు. పాత వీణ అయితే కొత్త రేకే మేలు. ఒక్క షరతు: పాతది కంచుదైతే కొత్తదీ కంచుదే కావాలి. ఇత్తడి వేస్తే రొద పోయినా గొంతు వేరే వీణది అవుతుంది.

రేకు బాగానే ఉండి, దాన్ని గుర్రానికి పట్టి ఉంచే బంక ఒక మూల వదిలినా ఇదే చప్పుడు వస్తుంది. రేకు అంచును గోటితో తట్టితే డొల్లగా పలుకుతుంది. దాన్ని తిరిగి అతికించేస్తే చాలు, సానరాయి అక్కర్లేదు. పనివాడి దగ్గరకు వెళ్లేముందు ఈ ఒక్కటీ చూసుకుని వెళితే మంచిది.

చెక్క బీట వారితే

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు చేసే వీణల పేరే ఏకాండి. కుండ, దండి, యాళి (కొసన చెక్కే మృగం తల) అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలిచినవి. అతుకులు లేవు కాబట్టి అతుకు వదిలే సమస్య ఉండదు, ఆరిన చెక్క నిలువునా బీట వారే అవకాశం మాత్రం ఉంటుంది. అతుకుల వీణల్లో ముందుగా చూడాల్సింది దండి కుండలో కలిసే చోటు.

బీట కనబడగానే బంక పోయాలన్న టెన్షన్ వద్దు. మే నెలలో నోరు తెరిచిన సన్నని బీట ఆగస్టు తేమకు మూసుకోవచ్చు. తెరిచి ఉన్నప్పుడు దాన్ని నింపేస్తే వానాకాలంలో ఉబ్బే చెక్కకు చోటు లేక పక్కన ఇంకో బీట పుడుతుంది. ఒక కాలం చూసి, అప్పటికీ రొద ఉంటే అతికించండి. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండే గదిలో చెక్క వాద్యం సుఖంగా ఉంటుంది. ఏసీ గాలి, హీటర్ గాలి నేరుగా తగలకూడదు.

బంకల్లో ఫెవిక్విక్ చెక్క రంధ్రాల్లోకి పాకి, లక్కపూతకు మచ్చ వేసి, చివరికి పెళుసై ఊడుతుంది. ఆరాల్డైట్ లాంటి ఎపాక్సీ ఊడదు, అదే దాని దోషం. మామూలు తెల్ల ఫెవికోల్ పట్టు బాగుంటుంది కానీ మళ్లీ విప్పాలంటే చాలా శ్రమ. జంతుచర్మం ఉడికించి తీసే పాతకాలపు బంకకు వేడి, తడి కలిపి తగిలిస్తే వదులుతుంది. వయొలిన్ బాగుచేసేవాళ్లు ఈ రోజుకీ దాన్నే వాడేది ఆ గుణం వల్లే. పాత వయొలిన్ జుయ్‌మన్నా మొదట చూడాల్సింది పలకల అంచుల్లో ఆ బంక వదిలిందా అని. మీ వీణకు ఆ బంక వాడే మనిషి దొరికితే అదృష్టం. దొరక్కపోతే బీట చిన్నగా ఉన్నంత కాలం ఆగండి.

నగిషీ ముక్క లేస్తే ఊడదీసి పారేయకండి, కొద్ది మైనంతో తాత్కాలికంగా నిలబెట్టండి. పాత మైసూరు, తంజావూరు వీణల్లో ఏనుగు దంతపు నగిషీ ఉండేది. దాని అమ్మకం, కొనుగోలు ఇప్పుడు చట్టరీత్యా నిషేధం. దేశం దాటించాలంటే అనుమతుల తంటా ఉంటుంది. అలాంటి వీణ విదేశంలో ఉంటే రిపేరు కోసం ఇక్కడికి పంపే ముందు ఆ సంగతి విచారించండి.

ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వకూడదు

గొల్లపల్లి, నూజివీడు, తంజావూరు: వీణ ఏ ఊరిదైతే ఆ ఊరి చేతికే ఇవ్వడం మేలు, వాళ్లకు దాని కొలతలు తెలుసు. దూరమైతే ఊళ్లోకి వచ్చి మేళం కట్టే పనివాళ్ల గురించి సంగీతం మాస్టార్లను అడగండి. దగ్గర్లో ఉన్న మామూలు వడ్రంగికి, ఆయన ఎంత మంచి పనివాడైనా, మెట్లూ రేకూ అప్పగించవద్దు.

ఇచ్చేముందు టేపుతో మేరువు (బిరడల వైపు తీగలు ఆనే చోటు) నుంచి ఒక్కో మెట్టుకూ దూరం కొలిచి కాగితం మీద రాసుకోండి, ఫోన్‌తో ఫొటోలు తీయండి. అడగాల్సిన ప్రశ్న "ఎంతవుతుంది?" కన్నా ముందు "దీంట్లోంచి ఏం తీసేస్తారండీ?" అన్నది. తీసిన ప్రతి మెట్టూ, రేకూ, బిరడా తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. "మొత్తం పాలిష్ కొట్టి కొత్తదానిలా చేసి ఇస్తానమ్మా" అన్నవారికి నమస్కారం పెట్టి వీణతో ఇంటికి వచ్చేయండి. మీరు వెళ్లింది రొద గురించి.

వీణను ఎవరూ వాయించకుండా, దసరాకు పూజలో పెట్టి మళ్లీ లోపల పెట్టేస్తుంటే మేళం కట్టించడం డబ్బు వృథా. వాయించకపోయినా మైనం మళ్లీ ఎండిపోతుంది. తీగలు కొద్దిగా వదులు చేసి, నూలు గుడ్డ కప్పి, వేడి తగలని చోట ఉంచితే సరిపోతుంది. నేర్చుకునే పిల్ల ఇంట్లో ఉంటే మాత్రం రొదను వాయిదా వేయకండి. తప్పు తన వేలిదో, మెట్టుదో తెలియక పిల్లలు మీటు గట్టిగా కొట్టడం అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటు మాన్పించడం రేకు మార్చడం కన్నా కష్టం.

ప్రయాణంలో బుర్ర విప్పి వేరుగా చుట్టండి, తీగల బిగువు తగ్గించండి, పూర్తిగా విప్పకండి. వేసవి అయితే రాత్రి బండికి బయల్దేరండి.